పని చేయని పచ్చ వైరు

మా ముందుగదిలో ఆ గుయ్యిమనే చప్పుడు ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. చప్పుళ్ల మధ్య బతికేవాళ్లకు వాటిలో ఇంకొకటి చేరితే వెంటనే తెలియదు. మా సందులో ఎదురింట్లో ఎంబ్రాయిడరీ మిషను, రెండిళ్ల అవతల దారం చుట్టే మిషను, మేడ మీద నీళ్ల మోటరు. వీటి నడుమ మా ఆయన బెంజో కూడా ఇంకో మిషనులా మూలుగుతుంటే, సూరత్‌లో ఇల్లు కట్టుకున్నాక ఇదీ తప్పదు కాబోలు అనుకున్నాను.

బెంజో అంటే మావాళ్లు భజనల్లో వాయించే పొడుగాటి పెట్టె. దాని మీద ఉక్కు తీగలు, పక్కన టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు. ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ కుడి చేత్తో తీగలు మీటాలి. మా ఆయనది కరెంటు బెంజో. దాని నుంచి ఒక వైరు, పాటను పెద్దగా వినిపించే ఆంప్ డబ్బాలోకి వెళుతుంది, ఆంప్ నుంచి ఇంకో వైరు గోడ ప్లగ్గులోకి వెళుతుంది. వాయించినా వాయించకపోయినా ఆ ఆంప్ గుయ్యిమంటూనే ఉండేది. ఈ రెండు వైర్ల గురించి పోయిన వేసవిలో నేను తెలుసుకున్నంత, మా నాన్న కిరాణా కొట్లో పెరిగి కూడా బియ్యం గురించి తెలుసుకోలేదు.

ఆయన ఖటోదరాలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. వాటి నూగు ఆయన ఊపిరిని సగం తీసుకుంది, వాటి చప్పుడు చెవులను సగం తీసుకుంది. మిగిలిన సగాలతో ఇంటికి వచ్చాడు. పని మానేశాక ఆయనకు వారంలో ఉన్నది ఒక్క శనివారమే. ఆ సాయంత్రం మావైపు నుంచి వలస వచ్చినవాళ్లు ఏడుగురు మా ముందుగదిలో కూర్చుని పాటలు సాధన చేస్తారు. శనివారం పొద్దున గీసుకోవడం కోసం ఆయన ఆరు రోజులు గడ్డం పెంచుతాడు.

వాళ్లలో వయసులో పెద్దవాడు ఢోలక్ వాయించే ఆయన. నన్ను చెల్లె అంటాడు కాబట్టి మా ఆయన అతనికి బావ. ఒక శనివారం అతను ఢోలక్ పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"చెల్లె, గీ సప్పుడుల పాడుడంటె తేనెతుట్టె కింద కూసొని పాడినట్టే ఉన్నది."

"ఏం సప్పుడు?" అన్నాడు మా ఆయన.



"నీకు ఇనబడది బావా. నీ అదృష్టం," అన్నాడు ఢోలక్ పెద్దాయన. మళ్లీ నాతో అన్నాడు, "నెల దినాలు సూత్తం. పోకుంటె కోసాడ్ల మా ఇంట్ల కూసుంటం. ఇరుకే గాని సప్పుడు లేదు."

కోసాడ్‌లో అతని ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. మా ఆయన మా మేడ మెట్లు ఎక్కడానికే మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు. సాధన కోసాడ్‌కు వెళ్లిందంటే ఆయన భజన నుంచి వెళ్లిపోయినట్టే. ఆ సంగతి ఏడుగురికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకు మాత్రం ఆ మాట వినబడిందో లేదో తెలియలేదు. మీటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నెల అన్నాడు కదా, అయిదు వారాల దాకా లాగవచ్చని నేను లోపల లెక్క వేసుకున్నాను. పుట్టుబుద్ధి.

మొదట బెంజో వైరును అనుమానించాను, ఎందుకంటే అది కొన్నది నేను. స్టేషను దగ్గర కొట్టువాడు చెప్పిన ధరలో సగానికి అడిగాను. వాడు మారుమాట్లాడకుండా ఇచ్చాడు. అడిగిన ధరకు వెంటనే ఒప్పుకున్నవాడి సరుకు ముట్టుకోవద్దని మా నాన్న చెప్పేవాడు. ఆ మాట గుర్తుండీ వైరును సంచిలో వేసుకున్నాను, వాణ్ని ఓడించానన్న సంబరంలో. ఇప్పుడు కోసి చూస్తే, లోపలి తీగ చుట్టూ జల్లెడలా అల్లి ఉండాల్సిన కవచం పేరుకు నాలుగు పోగులు ఉంది. బయటి చప్పుళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ అల్లికేనట. మంచి వైరు తెచ్చాను. సరసరమనే చప్పుడు తగ్గింది. గుయ్యిమనడం పోలేదు.

తరువాత ఫ్యాను. దాని రెగ్యులేటరు కట్టేస్తే చిటపట ఆగింది. ట్యూబులైటు ఆర్పితే ఇంకొంచెం తగ్గింది. ఆ శనివారం ఏడుగురినీ చీకటిగదిలో, ఫ్యాను లేకుండా, వాన ముందరి ఉక్కలో కూర్చోబెట్టాను. రెండు పాటలయ్యేసరికి చొక్కాలు వీపులకు అంటుకున్నాయి.

"తగ్గిందా అన్నా?" అని అడిగాను.

"తగ్గింది చెల్లె. సప్పుడు తగ్గింది, పాణం గూడ తగ్గింది," అన్నాడు ఢోలక్ పెద్దాయన తువ్వాలు పిండుకుంటూ.

ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. పాలు విరిగాయి. ఫోను చార్జర్లన్నీ పీకాను. ఎదురింటి ఆవిడను బతిమాలి ఎంబ్రాయిడరీ మిషను పది నిమిషాలు ఆపించాను. ఆ పది నిమిషాలకు ఒక జాకెట్టు గుడ్డ ఇచ్చుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఆవిడా నాలాంటిదే. ఆంప్ మాత్రం ఎవరు ఏది ఆపినా తన పాట తాను పాడుకుంటూనే ఉంది.

ఇంట్లో చీరలు అమ్ముకునే దాన్ని. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆ పెట్టె ముందు కూర్చుని చూసేదాన్ని. అలా చూస్తూ చూస్తూ ఒకటి పట్టుకున్నాను. ఆయన అరచెయ్యి తీగల మీద ఆనిస్తే చప్పుడు చిన్నబోతుంది. చెయ్యి తీస్తే పెరుగుతుంది. ఆయన్నే అడిగాను, తీగలు ముట్టుకుంటే ఏమైనా తెలుస్తుందా అని.

"నేల తుడిసినంక కూసుంటె చీమలు పాకినట్టయితది," అన్నాడు.

"గట్ల ఎన్ని దినాల సంది?"

"సాన దినాల సంది. పెట్టె హుషారుగున్నదనుకున్న."

మా ఇంట్లో నేల కోటా రాయి. తడి ఆరదు. ఆయన ఉత్తకాళ్లతో కూర్చుంటాడు. కరెంటు చూసే టెస్టరు తెచ్చి ఆంప్ ఇనుప మొహానికి ఆనించాను. లోపలి బుడ్డి మినుకుమినుకుమంది. అప్పుడు కరెంటు పని చేసే అతన్ని పిలిచాను, నేను తమ్ముడంటాను. అతనిదీ మా జిల్లానే. పదకొండేళ్ల కింద ఈ ఇంటికి వైరింగు చేసింది అతనే.

అతను ప్లగ్గు పలక విప్పి, పైనున్న పెద్ద రంధ్రం వెనక వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఇత్తడి ముక్క ఉంది. దానికి ఏ వైరూ లేదు.

"అక్కా, ఎర్త్ లేదు."

"లేకుంటె? ఏసింది నువ్వే గద."

అతను విప్పిన పలక నేల మీద పెట్టాడు. "నువ్వే వద్దన్నవ్."

నిజమే. నేనే వద్దన్నాను. ఇల్లు కట్టేటప్పుడు అతను మూడు వైర్లకు ధర చెప్పాడు, బయట ఎర్త్ గుంతకు వేరే చెప్పాడు. ఎర్ర వైరు కరెంటు తెస్తుంది, నల్ల వైరు తీసుకుపోతుంది, మరి పచ్చది ఏం చేస్తుందని నేను అడిగాను. మామూలుగా ఏమీ చేయదక్కా, ఊరికే ఉంటుంది, ఏదైనా అయినప్పుడే దాని పని అన్నాడు. పని చేయనివాడికి కూలి ఎందుకని నేను అడిగాను. అతను నవ్వాడు, నేను నవ్వలేదు. లెక్కలోంచి పచ్చ వైరు కొట్టేయించాను, గుంత కొట్టేయించాను. అప్పటి నుంచి ఎవరింటి గృహప్రవేశానికి వెళ్లినా ఈ బేరం కథ చెప్పేదాన్ని. విన్నవాళ్లలో ఎంతమంది తమ ఇళ్లలో పచ్చ వైరు తీయించారో ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది.

"ఇప్పుడేం జేద్దాం?" అన్నాను.

"పక్కా జేయాల్నంటె బయట గుంత తవ్వాలె. నీ మెట్ల టైల్స్ పగులగొట్టాలె. ఆడికెల్లి బోర్డు దాంక పచ్చ వైరు గుంజాలె. లేదంటె నల్ల వైరుకెల్లి గీ ఇత్తడికి చిన్న ముక్క తగిలిస్త. పది నిమిషాల పని. గాని అది పక్కా పని గాదక్కా."

నా చెవులు పది నిమిషాల దగ్గరే ఆగిపోయాయి. భర్త చెవుల గురించి రాస్తున్నాను గాని, నావీ అవసరమున్నంత వరకే పని చేస్తాయి.

అతను వేలెడు వైరుముక్క బిగించి ఆంప్ వేశాడు. గదిలో ఒక్కసారిగా ఏమీ లేకుండా పోయింది. ఎదురింటి మిషను వినబడింది. మా ఆయన మా ముఖాలు చూసి "ఏమైంది?" అన్నాడు. కూలి అడిగితే చాయ్ ఇచ్చి పంపాను. అతను చాయ్ తాగి, సంచి సర్దుకుని వెళ్లాడు. తరువాతి శనివారం ఫ్యాను కింద, లైటు వెలుగులో పాడుకున్నారు. ఢోలక్ పెద్దాయన కోసాడ్ మాట ఎత్తలేదు. నేను ఆ వారమంతా చీరలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఈ కొత్త బేరం కథ చెప్పాను.

అలా చెప్పిన వాళ్లలో హజీరా నుంచి వచ్చిన ఒక ఆంధ్రా ఆవిడ ఉంది. ఆవిడ చీరలు తిప్పుతుంటే భర్త కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అక్కడేదో పెద్ద కంపెనీలో ఇంజనీరు. నా కథ సగంలో ఉండగా ఫోను దించాడు.

"ఏ వైరుకి కలిపాడన్నారమ్మా?"

"నల్లదానికి సార్."

"ముందు ఆ స్విచ్చి కట్టేయండి."

కట్టేశాను. అతను గొంతు పెంచకుండా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఆ నల్ల వైరు మీటరు దగ్గరో, స్తంభం దగ్గరో, గోడలోనో ఎక్కడైనా తెగితే, లోపలికి వచ్చిన కరెంటుకు పోయే దారి ఉండదు. అప్పుడు అది ఆ చిన్న ముక్క గుండా ఆంప్ డబ్బా మీదికి, అక్కడి నుంచి బెంజో తీగల మీదికి వస్తుంది.

"మీవారు ఆ తీగల మీద చెయ్యి వేసుకునే కదా కూర్చుంటారు," అన్నాడు.

బెంజో గోడవార గుడ్డ కప్పుకుని ఉంది. దాన్ని చూశాను. చూస్తూనే, నోరు ఊరుకోక, ఆ ప్రమాదంతో కూడా బేరం ఆడాను.

"గట్ల తెగుడు ఎప్పుడో ఒకసారి గద సార్?"

"ఒకసారి చాలు కదండీ."

ఆయన భార్య ఆ రోజు రెండు చీరలు తీసుకుంది. ఎంతకు ఇచ్చానో గుర్తులేదు. నాకు ధర గుర్తులేని అమ్మకం అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఆ ముక్క తీయించాను. ఆ శనివారం ఆంప్ మళ్లీ గుయ్యిమంది. నేల మీద చెక్కపలక వేసి, దాని మీద చాప వేసి ఆయన్ను కూర్చోబెట్టాను. అయినా ధైర్యం చాలక తీగలు ముట్టనివ్వలేదు. బెంజోకు బంద్ అన్నాను. కారణం చెప్పడానికి నోరు రాలేదు. మిగతావాళ్లు రెండు పాటలు పాడి లేచారు. ఢోలక్ పెద్దాయన చెప్పులు వేసుకుంటూ, "నెల అయింది చెల్లె," అన్నాడు. అయిదో వారం అడగడానికి నాకూ ఓపిక లేకపోయింది.

తరువాతి శనివారం వాళ్లు కోసాడ్‌లో కూర్చున్నారు. మా ఆయన పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చున్నాడు. వాళ్లు రారని ఆయనకు తెలుసు, నేను చెప్పాను కూడా. అయిదయింది, ఆరయింది. నేను దీపం పెట్టి వచ్చేసరికి అలాగే ఉన్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయనకు వినబడేలా చెప్పాలంటే గట్టిగా చెప్పాలి. నా తప్పు నేనే సందంతా వినేలా అరిచి చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

విని, చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. "పదకొండేండ్లు ఒక్కటే కత చెప్పినవ్. ఇగ కొత్తది చెప్పుకో," అన్నాడు.

సోమవారం గుంత తవ్వించాను. మెట్ల ముందు టైల్స్ చవకగా దొరికిన సరుకు చివర మిగిలినవి. వాటికి జత ఇక దొరకదని తెలిసి కూడా పగలగొట్టించాను. కరెంటు తమ్ముడు ఆరడుగులు అన్నాడు. అలవాటు కదా, ధర తగ్గించమని నోరు తెరిచాను. తెరిచినదాన్ని మూయలేక, అదే ధరకు ఎనిమిది అడుగులు తవ్వమన్నాను.

"అక్కా, నువ్వు మారినవ్ అనుకున్న," అన్నాడు.

"నేనెందుకు మారుత? లోతు కావాలె."

నల్లమట్టి, నాలుగడుగులు దాటాక తడి. పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి నీళ్లు పోశారు. అక్కడి నుంచి పచ్చ వైరు గోడ వెంట బోర్డు దాకా వచ్చింది. కరెంటు ఎక్కడైనా కారితే తనంతట తానే పడిపోయే స్విచ్చి కూడా పెట్టించాను. ఆ స్విచ్చి బిగించే ముందు తమ్ముడు ఒక బల్బు తెచ్చి, ఒక కొస ఎర్ర వైరుకు, ఒక కొస పచ్చ వైరుకు ముట్టించాడు. బల్బు నిండుగా వెలిగింది. మట్టి గట్టిగా పట్టుకుందని దానికి అర్థమట. ఆంప్ వేస్తే చప్పుడు లేదు. తీగల మీద టెస్టరు పెడితే వెలగలేదు. మా ఆయన వేలు పెట్టి, "సల్లగున్నది," అన్నాడు.

ఇక వాళ్లను వెనక్కి తేవాలి. మర్నాడు కోసాడ్ వెళ్లాను. నాలుగు అంతస్తులు ఎక్కి, ఢోలక్ పెద్దాయన గడప మీద కూర్చుని, మాట వచ్చేదాకా మంచినీళ్లు తాగాను.

"చెల్లె, ఆడికి మల్ల ఎట్ల వత్తం?" అన్నాడు అతను. "ఈడ పిలగాడొకడు కీబోర్డు తెత్తనంటున్నడు. అందరు ఒప్పుకున్నరు."

"ఒక్క శనివారం అన్నా. సప్పుడు ఇనబడితె మల్ల ఈ మెట్లెక్క."

అతను నా మోకాళ్లను చూశాడు. జాలిపడ్డాడో, బేరం తెగిందనుకున్నాడో, వస్తామన్నాడు.

వచ్చారు. ఢోలక్ పెద్దాయన ముందు ఆంప్‌కు చెవి ఆనించి చూశాడు. తల ఊపాడు. పాట ఎత్తుకున్నారు. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, గదిలో పాట, తాళాలు, ఢోలక్, బెంజో. నేను గుమ్మంలో నిలబడి, గెలిచానని అనుకోబోతుండగా విన్నాను.

బెంజోలో పాట పలికే తీగలు రెండు. జంటగా ఉంటాయి, రెండూ ఒకే స్వరం పలకాలి. వాటిలో ఒకటి దిగిపోయి ఉంది. నాకు సంగీతం రాదు. కానీ త్రాసు పక్కన పెరిగిన మనిషిని, ముల్లు ఒకవైపు ఒరిగితే చూడకుండానే తెలుస్తుంది. ఆ తీగ ఎన్నాళ్లుగా అలా ఉందో. నెలలుగానో, ఏడాదిగానో. ఇన్నాళ్లూ గుయ్యిమనే చప్పుడు దాన్ని కప్పి ఉంచింది. మధ్యలో చప్పుడు ఆగిన ఆ ఒక్క శనివారం, ఆగిందన్న సంబరమే కప్పింది. నేను ఇల్లు పగలగొట్టి మరీ ఆ కప్పు తీయించాను. పాడేవాళ్లలో చిన్నవాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఒకడు నేల చూపులు చూశాడు. మా ఆయన కళ్లు మూసుకుని, మీటలు నొక్కుతూ, రెండు శనివారాల ఆకలి తీర్చుకుంటున్నాడు.

పాట అయింది. ఎవరో ఏదో అనబోతుంటే ఢోలక్ పెద్దాయన తన ఢోలక్ మీద ఒక దరువు వేసి ఆపాడు. ఆయనా సాంచాల మీద బతికినవాడే. సాంచాల కార్ఖానాలో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకని అక్కడ పనివాళ్లంతా చేతులతో మాట్లాడుకుంటారు. సేటు వస్తున్నాడనడానికి ఒక సైగ, చాయ్‌కి వెళ్దామనడానికి ఒక సైగ. అతను చెయ్యి మోకాలు దాటి పైకి రానివ్వకుండా, రెండు వేళ్లు చాచి ఒకదాన్ని కిందికి వంచాడు. అంటే రెండు పోగుల్లో ఒకటి వదులైందని.

మా ఆయన చూశాడు. ఏ మాటా లేకుండా తీగ చివరి బిరడ పట్టుకున్నాడు. ఢోలక్ పెద్దాయన తీగ వైపు చూపు తిప్పాడు. మా ఆయన తీగ మీటాడు. అతను పిడికిలి తిప్పాడు, బిగించు. మళ్లీ మీటాడు. ఇంకొంచెం. మళ్లీ. అరచెయ్యి బల్లపరుపుగా చాచాడు, చాలు. చిన్నవాళ్లు ఢోలక్ వైపు చూడనేలేదు. బెంజో ఆయన శ్రుతి చేసుకుంటున్నాడని ఊరుకున్నారు. తరువాతి పాటలో ఎవరూ ఎవరినీ పొడవలేదు.

ఏడు గంటలకు అందరూ లేచారు. మా ఆయన బెంజో మీద గుడ్డ కప్పుతున్నాడు. ఢోలక్ పెద్దాయన పగిలిన టైల్స్ మీద చూసి చూసి అడుగు వేస్తూ, చెప్పుల దగ్గర ఆగాడు.

"వచ్చే శనివారం నేను జర ముందుగాల వత్త చెల్లె. చాయ్ పెట్టు."

"ఎంత ముందుగాల అన్నా?"

"పిలగాండ్లు రాక ముందు. గా తీగలు మల్ల దిగుతయి."